ఒళ్ళునొప్పులకు ఉప్పునీళ్ళు: ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు

దమ్ము చేసిన మడిలో పొద్దున్న దిగి, పొద్దువాలే దాకా వంగి ఉభాలు వేసిన మనిషికి రాత్రికి నడుము నిలవదు. పిక్కలు పట్టేస్తాయి. అరికాళ్ళు మంటలెత్తుతాయి. శ్రీకాకుళం జిల్లాలో యీ బాధ ఎరగని ఇల్లు లేదు. తెల్లారితే మళ్ళీ పనికి పోవాలి. అందుకని చాలామంది ఊళ్ళో కొట్టుకు పోయి ఒక నొప్పి బిళ్ళ తెచ్చుకుని, మింగి పడుకుంటారు.

మన జిల్లాలో యీ అలవాటు మరీ ప్రమాదం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో చెప్పనక్కర్లేదు. ఆ జబ్బుకు మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. అయితే డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు అదేపనిగా మింగితే ఆరోగ్యంగా వున్న కిడ్నీలకు కూడా చేటేనని వైద్యశాస్త్రం రూఢిగా చెబుతోంది. అందుచేత బిళ్ళ జోలికి పోకుండా పోగొట్టుకోగల నొప్పిని అలా పోగొట్టుకోవడమే మేలు. వేడినీళ్ళు, గుప్పెడు ఉప్పు అందుకు పనికివస్తాయి.

ఏ ఉప్పు కొనాలి?

పట్నం దుకాణాల్లో స్నానానికని రంగురంగుల ఉప్పు డబ్బాలు అమ్ముతున్నారు. మృతసముద్రం ఉప్పు అని ఒకటి, హిమాలయ ఉప్పు అని ఒకటి. గులాబీరంగు హిమాలయ ఉప్పులో అధికభాగం మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే. దానిలోని కాస్త ఇనుము వల్ల ఆ రంగు వచ్చింది. రంగుకూ, వాసనకూ, డబ్బాకూ కలిపి ధర కట్టవలసిందే.

మన సంతబొమ్మాళి మండలంలోని నౌపడా మళ్ళలో పండే రాళ్ళ ఉప్పు స్నానానికి చక్కగా పనికివస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మడిలో నీరు ఇగిరేకొద్దీ ముందు సోడియం క్లోరైడు రాయి కడుతుంది. మెగ్నీషియం లవణాలు అడుగున మిగిలే చేదునీటిలో వుండిపోతాయి. శుద్ధి చేయని రాళ్ళ ఉప్పుకు ఆ చేదునీరు కొంత అంటుకునే వుంటుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడానికి ముఖ్యకారణం అదే. మెగ్నీషియం గాలిలోని తేమను లాగుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదని 2006 నుంచి దేశమంతటా నిషేధం వుంది. స్నానానికి తెచ్చిన రాళ్ళ ఉప్పులో అయోడిన్ లేకపోయినా ఇబ్బంది లేదు గాని, దానిని వంటకు వాడవద్దు. వేరే డబ్బాలో వుంచండి.

భేది ఉప్పు సంగతి

రెండవది ఎప్సమ్ సాల్ట్. పెద్దవాళ్ళు దీన్నే భేది ఉప్పు అనేవారు, విరేచనాలకు ఇచ్చేవారు గనుక. ఇంగ్లండులోని ఎప్సమ్ అనే ఊరి ఊటనీటి వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. రసాయనం పేరు మెగ్నీషియం సల్ఫేట్. రైతుకు యిది కొత్త కాదు. పత్తి ఆకు ఎర్రబారినప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేసేది యీ మందునే.

ఎరువుల కొట్లో యిది చవకగా దొరుకుతుంది గదా, అదే తెచ్చి స్నానానికి వాడుకుంటే సరి అని కొందరికి తోచవచ్చు. అది వద్దు. పొలానికి తయారుచేసిన సరుకులో మలినాలు ఎంతవరకు వున్నాయో ఒంటికి తగినట్టుగా పరీక్షించరు. పైగా అదే కొట్లో అమ్మే జింకు సల్ఫేట్ కూడా చూపుకు అచ్చం ఇలాగే తెల్లని పలుకుల్లా వుంటుంది. అది చర్మానికీ, కంటికీ మంట పుట్టిస్తుంది. విప్పిన సంచిలోంచి కొలిచి యిస్తే ఏది ఏదో తేల్చుకోవడం కష్టం. మందుల షాపులో పొట్లం మీద ‘మెగ్నీషియం సల్ఫేట్ ఐ.పి.’ అని వుందేమో చూసి కొనండి. ఐ.పి. అంటే భారత ఔషధ ప్రమాణానికి సరిపోయిందని గుర్తు.

యీ ఉప్పులోని మెగ్నీషియం చర్మం గుండా లోపలికి పోయి నొప్పిని తీసేస్తుందని ప్రచారం వుంది. దానికి గట్టి రుజువులు లేవు. హాయినిచ్చేది ప్రధానంగా నీటి వేడి. ఆ వేడికి నెత్తురు బాగా ఆడుతుంది, బిగిసిన కండ సడలుతుంది. కాబట్టి భేది ఉప్పు దొరకలేదని బెంగపడనక్కర్లేదు. రాళ్ళ ఉప్పుతో సరిపెట్టుకోవచ్చు. అదీ లేకపోతే ఉత్త వేడినీళ్ళయినా చాలు.

చేసే పద్ధతి

కాళ్ళు మునిగే ప్లాస్టిక్ టబ్బులో ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్ళు పోయండి. 150 గ్రాముల రాళ్ళ ఉప్పు గాని, 100 గ్రాముల భేది ఉప్పు గాని వేసి కరగనివ్వండి. వేడి ఎంతుందో మోచేతితో చూడండి. మోచెయ్యి ఓర్చుకోలేనంత వేడి కాలికి పనికిరాదు. పావుగంట, ఇరవై నిమిషాలు కాళ్ళుంచి, తరువాత మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవండి. చర్మం పొడిబారితే కొబ్బరినూనె రాయండి.

అల్యూమినియం గిన్నెలో ఉప్పునీరు నిలవ వుంచితే గిన్నెకు గుంటలు పడతాయి. వాడిన నీటిని పెరటి పాదుల్లో పోయవద్దు.

నడుముకూ, భుజానికీ మన అమ్మమ్మలు చేసిన ఉప్పు కాపడం వుండనే వుంది. రాళ్ళ ఉప్పును పెనం మీద వేయించి, మందపాటి గుడ్డలో మూటకట్టి, వేడి చూసుకుంటూ అద్దాలి. బాలింతలకు వావిలాకు కాచిన నీళ్ళు పోయడం కూడా పల్లెల్లో ఎప్పటినుంచో వున్నదే.

ఎవరు జాగ్రత్త పడాలి?

చక్కెరవ్యాధి వున్నవారిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గి వుంటుంది. కాలు కాలినా తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టవచ్చు. అలాంటివారు డాక్టరును అడగకుండా వేడినీళ్ళలో కాళ్ళు పెట్టరాదు. పుండ్లు, చీలికలు వున్నవారు, నీళ్ళలో నాని వేళ్ళ సందులు పాసిపోయినవారు ముందు వాటికి మందు చేయించుకోవాలి. గుండెజబ్బు వున్నవారు, గర్భిణులు ఒళ్ళంతా వేడినీళ్ళలో మునిగేలా కూర్చోరాదు.

కిడ్నీ జబ్బు వున్నవారు భేది ఉప్పును పొరపాటున కూడా కడుపులోకి తీసుకోరాదు. దానిలోని మెగ్నీషియాన్ని చెడిన కిడ్నీలు బయటికి పంపలేవు. అది నెత్తుటిలో పేరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం పిల్లలకు అందకుండా పైన పెట్టండి.

ఒక కాలే వాచినా, నొప్పితోపాటు జ్వరమున్నా, రెండు పాదాలూ పొద్దున్నే ఉబ్బి కనిపించినా ఉప్పునీళ్ళతో కాలక్షేపం చేయవద్దు. పాదాల వాపు కిడ్నీ జబ్బుకు గుర్తు కావచ్చు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్రం, నెత్తురు పరీక్ష చేయించుకోండి. ఉద్దానం వారికోసం పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. పని అలుపుతో వచ్చిన నొప్పి అయితే ఒకటి రెండు రాత్రుల్లో సర్దుకుంటుంది. సర్దుకోని నొప్పిని డాక్టరుకు చూపించండి.