ఆరు అరలు, ఒకే గొట్టం: సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో గురి దోష నిర్ధారణ

ముందుగా ఎక్కుపెట్టి ఉంచిన సుత్తిని విడుదల చేయడమనే ఒక్క పనిని మాత్రమే ట్రిగ్గర్ నిర్వహించే రివాల్వర్‌ను సింగిల్ యాక్షన్ రివాల్వర్ అంటారు. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగినప్పుడే సిలిండర్ ఒక అర మేరకు తిరిగి, తదుపరి తూటాను గొట్టానికి ఎదురుగా నిలుపుతుంది. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఈ తరగతికి ప్రామాణిక ఉదాహరణ.

ఇటువంటి ఆయుధం గురి తప్పుతున్నదన్నప్పుడు, ఆ తప్పడం రెండు విధాలలో ఏదో మొదట తేల్చుకోవాలి. గుండ్లన్నీ ఒకే చోట గుంపుగా తగులుతూ, ఆ గుంపు లక్ష్యానికి దూరంగా ఉంటే అది స్థానభ్రంశ దోషం. గుండ్లు గుంపుగా చేరక చెల్లాచెదురైతే అది విక్షేప దోషం. మొదటిది గురిచూపుకు సంబంధించినది. 1873 నమూనాలో వెనుక గురిచూపు చట్రం పైభాగాన తొలిచిన గాడి మాత్రమే కనుక దానిని జరపడం కుదరదు. గుండ్లు దిగువకు తగులుతుంటే ముందు గురిచూపును కొద్దికొద్దిగా అరగదీస్తారు. అయితే ఆకురాయి పట్టే ముందు గుండు బరువు మార్చి చూడడం వివేకం. బరువైన గుండు సాధారణంగా పైకి తగులుతుంది. మొదట ఇది వింతగా తోచవచ్చు. కానీ నెమ్మదిగా కదిలే గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా వెనుతన్ను గొట్టపు మూతిని మరింత పైకెత్తుతుంది.

అసలు చిక్కు విక్షేప దోషంలోనే ఉన్నది. రైఫిల్‌కు అర ఒకటి, గొట్టం ఒకటి. రివాల్వర్‌కు ఆరు అరలు, ఒకే గొట్టం. పేలిన గుండు తొలుత అర ముందుభాగంలోని సన్నని కంఠం గుండా దూరి, సిలిండర్‌కూ గొట్టానికీ నడుమనున్న ఖాళీని దాటి, గొట్టం మొదట్లోని ప్రవేశ శంకువులో పడి, ఆ తరువాతనే సర్పిలాకారపు గాడులను పట్టుకొని తిరగనారంభిస్తుంది. ఈ మార్గంలో కొలతల పొందిక ఒక్కటే శరణ్యం: కంఠ వ్యాసం గాడుల వ్యాసానికి సమానంగా గాని లేశమాత్రం ఎక్కువగా గాని ఉండాలి, సీసపు గుండు కంఠంలో వదులు లేకుండా ఇమడాలి. కంఠం గాడులకన్నా ఇరుకైతే గుండు అక్కడే నొక్కుకుపోయి సన్నబడుతుంది. గొట్టంలో దాని పక్కలనుండి వేడి వాయువులు దూసుకుపోయి సీసాన్ని కరిగించి, గోడలకు పూత పూస్తాయి. ఆ పూత పేరుకొన్న కొద్దీ గురి మరింత చెడుతుంది. తొలినాటి .45 కోల్ట్ గొట్టాలలో గాడుల వ్యాసం సుమారు 0.454 అంగుళాలు, రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి వాటిలో 0.451–0.452 అంగుళాలు. కాబట్టి నేటి కొలత గుండు పాత తుపాకిలో వదులుగా పోవడంలో ఆశ్చర్యం లేదు.

నిర్ధారణకు ఇసుక బస్తాపై చేతులాన్చి, 25 గజాల దూరం నుండి, అరలకు అంకెలు వేసుకొని, ఒక్కొక్క అరతో విడివిడి లక్ష్యపత్రంపై ఐదేసి గుండ్లు కాల్చాలి. ఆరింటినీ కలిపి కాల్చిన లక్ష్యపత్రం దోషం ఉన్నదని చెబుతుందే తప్ప ఎక్కడున్నదో చెప్పదు. ఒక్క అర మాత్రమే చెదరగొడితే దోషం ఆ అరది. ప్రతి అరా చక్కని గుంపునిస్తూ ఆ గుంపులు వేర్వేరు చోట్ల పడితే, అరలు గొట్టపు అక్షంతో సరిగా కలవడం లేదన్న మాట. సిలిండర్‌ను నిలిపే గొళ్లెం, దాని గాడులు అరిగాయేమో చూడాలి. ఆరూ ఒకే తీరున చెదరగొడితే గొట్టాన్ని, గుండును, కాల్చేవారిని అనుమానించాలి. సింగిల్ యాక్షన్ సుత్తి దూరం నుండి వచ్చి పడుతుంది గనుక, ట్రిగ్గర్ నొక్కాక కూడా చేయి నిశ్చలంగా ఉండడం ఇక్కడ మరీ అవసరం. నేర్పరి అయిన మరొకరిచేత కాల్పించి చూడడం నామోషీ కాదు.

గొట్టపు పరీక్ష సులువు. తుపాకిలో తూటాలు లేవని రూఢి చేసుకొని, సిలిండర్‌ను విడదీసి, నూనె రాసిన మెత్తని సీసపు ముద్దను గొట్టం గుండా నెమ్మదిగా తోయాలి. గొట్టాన్ని చట్రంలోకి మరలతో బిగించిన చోట అది హఠాత్తుగా బిగుసుకుంటే, బిగింపు ఒత్తిడికి గొట్టం లోపల ఇరుకైనదని అర్థం. ఇరుకు లేకుంటే బయటికి వచ్చిన ముద్దను మైక్రోమీటరుతో కొలిచి గాడుల వ్యాసం తెలుసుకోవచ్చు. ఇరుకుంటే ఆ కొలత ఇరుకుదే అవుతుంది. కంఠాలను పిన్ గేజ్‌లతోను, సిలిండర్ ముందరి ఖాళీని ఫీలర్ గేజ్‌తోను కొలవాలి. ఆ ఖాళీ సాధారణంగా 0.004–0.006 అంగుళాలు ఉంటే చాలు.

చికిత్సలో చౌకైనవే ముందు చేపట్టాలి: సీసపు పూతను పూర్తిగా తొలగించడం, వదులైన మరలను బిగించడం, కంఠానికి సరిపడే వ్యాసం గల గుండును ఎంచుకోవడం. చాలా తుపాకులు ఇంతటితోనే దారికి వస్తాయి. ఇరుకు కంఠాలను రీమరుతో సమంగా వెడల్పు చేయడం తుపాకి పనివాని చేతిలో జరగవలసిన పని. కంఠాలు మరీ వెడల్పై, వాటికి సరిపడే గుండు తూటా రూపంలో అరలో ఇమడకపోతే, కొత్త సిలిండర్ అమర్చుకోవడమే మార్గం.