ఏడు సీట్ల బండిలో వెనక సీటు ఎవరిది?

మేం కారు కొంటున్నామని తెలియగానే వాడపల్లిలో ప్రతివాళ్ళూ అడిగిన మొదటి ప్రశ్న ‘ఎంతమంది పడతారండీ?’ అని. ధర, మైలేజీ, రంగు, ఇవన్నీ తర్వాతి సంగతులు. కోనసీమ ఇళ్ళల్లో కారంటే పెళ్ళికి, పురుటికి, తీర్థానికి ఇంటిల్లిపాదీ ఒక్కసారే కదలాలి. ఆరుగురు వెళ్ళి ఇద్దర్ని బస్సెక్కించామంటే ఆ ఇద్దరూ జన్మలో మర్చిపోరు.

నా చిన్నప్పుడు అంబాసిడర్‌లో పదిమందిమి పట్టేవాళ్ళం. పిల్లలం పెద్దవాళ్ళ ఒళ్ళోనో, కాళ్ళ దగ్గరో. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. తర్వాత మారుతి ఆమ్నీ వ్యాన్లు, 1994 నుంచి టాటా సుమోలు వచ్చాయి. సుమో అంటే జపాన్ పహిల్వాన్లు కాదట, ఆ కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్కర్ గారి పేరులోంచి రెండేసి అక్షరాలు తీసి పెట్టారట. మా అబ్బాయి చెప్పేదాకా నాకూ తెలీదు. 2000లో క్వాలిస్ వచ్చింది. అది ఆగిపోయాక 2005లో ఇన్నోవా వచ్చింది. పెళ్ళివారి బండంటే ఇక అదే. ఇన్నోవా కొనలేని మా బోటి వాళ్ళకి 2012లో వచ్చిన ఎర్టిగా, 2019లో వచ్చిన ట్రైబర్, 2022లో వచ్చిన కారెన్స్ లాంటివి అందుబాటులోకొచ్చాయి. మాది ఈ కోవలోదే, 2018 దసరాకి కొన్నాం, పెట్రోలు బండి. ఏ కంపెనీదో రాయను. మంచి రాస్తే ప్రచారమంటారు, చెడు రాస్తే మా వారు ఊరుకోరు.

అప్పటికి ఇంట్లో ఏడుగురం. మావయ్యగారు, అత్తయ్యగారు, మా వారు, నేను, పిల్లలిద్దరు, మా దగ్గరుండి చదువుకుంటున్న మా ఆడపడుచు కూతురు. ఏడు సీట్లు, ఏడుగురు మనుషులు, లెక్క సరిపోయిందనుకున్నాం. కానీ సీట్లన్నీ ఒకటి కావు కదండీ! ముందు సీటు మావయ్యగారిది. మధ్యలో కిటికీ పక్కన అత్తయ్యగారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. రెండో కిటికీ మా అబ్బాయిది, వాడికి కడుపులో తిప్పుతుందని. మధ్యలో మేనకోడలు. ఇక ఆ చివరి వరసలో, స్టెపినీ పక్కన, సామాన్ల మధ్య నేనూ మా అమ్మాయీ. మూడు నాలుగిళ్ళల్లో వాకబు చేశాను, అన్ని చోట్లా ఇదే వరస. వెనక సీటు కోడలిది.

ఆ సీటు సంగతి కొనబోయేవాళ్ళకి కాస్త వివరంగా చెప్పాలి. ఈ తరహా బళ్ళల్లో చాలావాటికి మూడో వరస నేలకి దగ్గరగా ఉంటుంది. కూర్చుంటే మోకాళ్ళు గుండెల దగ్గరకొస్తాయి. తొడలకి ఆనిక ఉండదు. గంట ప్రయాణానికి ఫరవాలేదు, తిరుపతి దాకా అంటే నడుం పట్టేస్తుంది. చీరతో అందులోకి ఎక్కడం ఒక విద్య. మధ్య సీటు ముందుకి మడిచి, వంగి, ఒక కాలు పెట్టి, పక్కకి తిరిగి కూలబడాలి. షోరూముల్లో ఆడవాళ్ళని ముందు సీట్లో కూచోబెట్టి ఏసీ వేసి చూపిస్తారు. మీరు మాత్రం చీర కట్టుకుని వెళ్ళి, వెనక సీట్లో పది నిమిషాలు కూర్చుని రండి. ఆ వెనక ఏసీ గాలి వస్తోందో లేదో, బెల్టులు ఉన్నాయో లేదో చూడండి. ఇంకో మాట, ఏడుగురూ ఎక్కితే సామాన్లకి చోటు ఉండదు. రెండు పెట్టెలు, ఒక కొబ్బరికాయల సంచీ, అంతే. సీఎన్‌జీ బండైతే ఆ కాస్త చోటులోనూ సిలిండరు ఉంటుంది.

అయితే వెనక సీట్లు మడిచేస్తే అదే బండి ఎడ్లబండి. మా వారిది కొబ్బరి వ్యాపారం. దింపులప్పుడు కాయలు, పండక్కి బియ్యం బస్తాలు, అరటి గెలలు, ఒకసారి మా మరదలి సారె మొత్తం కావిళ్ళతో సహా అందులోనే వెళ్ళింది. ఆత్రేయపురం మాకు పక్కనే కాబట్టి ఎవరింటికి వెళ్ళినా పూతరేకులు తప్పవు. వాటిని మాత్రం వెనక పెట్టకండి, ఒక్క గతుకుకి పొడుం అవుతాయి. ఒళ్ళో పెట్టుకోవలసిందే.

ఈ మోతల వల్ల వచ్చే వాసనల గురించి ఒక పేజీ రాయొచ్చు. పులస సీజన్లో మా వారు యానాం నుంచి తెచ్చిన చేప నీళ్ళు కారితే వారం రోజులు ముక్కు మూసుకున్నాం. నేను చేసే పని ఇది. ముందు తడిగుడ్డతో తుడిచి, తినే సోడా జల్లి రాత్రంతా ఉంచి, పొద్దున్నే చీపురుతో దులిపేస్తాను. తర్వాత తలుపులు నాలుగూ తీసి ఎండలో పెట్టాలి. ఒక గిన్నెలో పొయ్యి బొగ్గులు వేసి సీటు కింద ఉంచితే మిగిలింది లాగేస్తుంది. సెంటు బుడ్లు పెడితే చేప వాసనకి మల్లెపూల వాసన తోడై ఇంకా కష్టం. ఆవకాయ నూనె సీటు మీద ఒలికితే రుద్దకండి, పాకుతుంది. శనగపిండి గానీ ముఖానికి రాసే పౌడరు గానీ మందంగా జల్లి, అది నూనె పీల్చాక దులిపి, అంట్లు తోమే సబ్బు నురగతో తుడవాలి.

బండి ఇంటి ముందుంటే అది మనదొక్కళ్ళదే కాదని త్వరలోనే తెలుస్తుంది. ‘ఒదినగారూ, శుక్రవారం బండి ఖాళీయేనా?’ అని గుమ్మంలో నుంచే అడుగుతారు. మా వారు కాదనలేరు. పురుటికీ, ఆస్పత్రికీ అంటే నేనూ కాదనను. కానీ ‘పెట్రోలు డబ్బులు పైన ఇంత ఇస్తాం’ అంటే మాత్రం నేనే అడ్డుపడతాను. తెల్ల నంబరు ప్లేటు సొంత బండిని కిరాయికి తిప్పకూడదు, దానికి పర్మిటు, పసుపు ప్లేటు వేరు. కిరాయికి వెళ్తూ ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొండిచెయ్యి చూపించొచ్చు. ‘డబ్బులొద్దు, మావాళ్ళే తోలతారు, ఊరికే తీసుకెళ్ళండి’ అంటాను. అప్పుడు సగంమంది మానేస్తారు! శనివారాలైతే ఆ బాధా లేదు. ఏడు శనివారాలు మొక్కుకుని వెంకన్న ప్రదక్షిణలకి వచ్చే జనంతో ఊరంతా నిండిపోతుంది. మా బండి గేటు దాటదు, పైగా చుట్టాల బళ్ళు మా వాకిట్లోనే.

2021 వేసవిలో ఒక రాత్రి రెండింటికి మావయ్యగారు మంచినీళ్ళు అడగబోయి మాట తడబడ్డారు. నోరు ఒక పక్కకి వెళ్ళింది, కుడి చెయ్యి లేవలేదు. మా వారు ఊళ్ళో లేరు, మద్రాసు వెళ్ళారు. బండి వాకిట్లోనే ఉంది, తాళం గూట్లోనే ఉంది, తోలేవాళ్ళు లేరు. పక్కవీధి కుర్రాణ్ణి లేపుకొచ్చేసరికి అరగంట. మధ్య సీటు వెనక్కి వాల్చి, తల కింద దిండు పెట్టి ఆయన్ని పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాం. అత్తయ్యగారు నీళ్ళు పట్టబోతే ఆపాను, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయని చదివాను. లొల్ల లాకులు, బొబ్బర్లంక, బ్యారేజీ దాటి రాజమండ్రి ఆస్పత్రికి చేర్చాం. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలని డాక్టరు గారు చెప్పారు. మేం టైములోనే ఉన్నాం. ఆయన బతికారు, చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు.

ఆ అరగంట నన్ను వదల్లేదు. నెలలోపే డ్రైవింగు స్కూల్లో చేరతానన్నాను. నాకప్పుడు నలభై మూడు. ‘ఈ వయసులో నీకెందుకే?’ అన్నారు అత్తయ్యగారు. మా వారు ఏమీ అనలేదు, ఫీజు మాత్రం కట్టారు. ముందు లెర్నర్ లైసెన్సు, అది చేతికొచ్చి ముప్ఫై రోజులు దాటాకనే అసలు పరీక్ష. చిన్న కారు మీద నేర్పుతారు, ఇంటికొస్తే పద్నాలుగు అడుగుల పైనున్న ఈ బండి. వెనక్కి తీసేటప్పుడు ముక్కెక్కడో తోకెక్కడో అర్థం కాదు. ఏటిగట్టు మీద ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి కదా. మొదట్లో గట్టు మీద కూచునే పెద్దమనుషులు లేచి నిలబడేవాళ్ళు, గౌరవంతో కాదులెండి!

మా వైపు రోడ్లన్నీ కాలవ పక్కనే. ఏటా ఎక్కడో ఒకచోట కారు కాలవలో పడిందని వింటాం. అందుకే డ్రైవరు తలుపు దగ్గర అద్దం పగలగొట్టే చిన్న సుత్తి పెట్టుకున్నాను. నీళ్ళలో పడితే ముందు బెల్టు విప్పి, మునగకముందే పక్క అద్దం దించి అందులోంచి బయటపడాలి. తలుపు కోసం చూడకూడదు, బయటి నీళ్ళ ఒత్తిడికి అది రాదు. అద్దం దిగకపోతే పక్క అద్దం మూల మీద కొట్టాలి. ముందు అద్దం కొట్టినా ఊడదు. పిల్లలకి ఇదంతా కథలా చెప్పాను. బెల్టు వెనక వాళ్ళకీ తప్పనిసరే, లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా.

2022 జూలైలో గోదారి ఉరిమినప్పుడు, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే బండిని రావులపాలెంలో మెరక మీదున్న మా బాబాయి గారింట్లో పెట్టించాం. ఎప్పుడైనా నీళ్ళు ఇంజను దాకా వస్తే, తగ్గాక తాళం తిప్పి చూడకండి. ఇంజను లోపల నీళ్ళుంటే దెబ్బతింటుంది. మెకానిక్కుని పిలవాలి. నిజానికి మమ్మల్ని వరద కన్నా ఎలకలు ఎక్కువ బాధపెట్టాయి. కోతలయ్యాక చేలల్లోంచి ఇళ్ళల్లోకి వస్తాయి కదా, రెండుసార్లు వైర్లు కొరికాయి. పొగాకు కాడలు కట్టి చూశాం, కలరా ఉండలు వేసి చూశాం. వారానికోసారి బానెట్టు తీసి చూడటం, రోజూ బండి కదపటం వల్లే ఎక్కువ ఫలితం కనిపించింది.

ఇప్పుడు సోమవారం, గురువారం మావయ్యగార్ని రాజమండ్రి ఫిజియోథెరపీకి నేనే తీసుకెళ్తాను. ఎత్తు మరీ ఎక్కువ కాకుండా, మరీ పల్లం కాకుండా ఉండటంతో ఆయన్ని ఎక్కించడం ఈ బండిలో సులువు. ముందు నడుం సీటు మీద ఆనించి, తర్వాత కాళ్ళు తిప్పుతాం. వీల్ ఛైర్ మడిచి వెనక. అత్తయ్యగారు ముందు సీట్లో నా పక్కన కూర్చుని, లారీ వస్తే ‘అమ్మాయ్, మెల్లిగా’ అంటూంటారు.

పిల్లలు చదువులకి వెళ్ళిపోయారు. ఇంట్లో నలుగురమే, చిన్న కారు తీసుకుందామా అని మా వారు లెక్కలు వేస్తున్నారు. పెట్రోలు తగ్గుతుంది, పార్కింగు సులువు, నిజమే. వీల్ ఛైర్ ఎక్కడ పెడతారని అడిగాను, ఆలోచిస్తానన్నారు. మొన్న కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం వెళ్ళాం. బండి నేను తోలాను. మా వారు చివరి వరసలో, మోకాళ్ళు గుండెల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. కొత్తపేట దాటకముందే ‘ఇక్కడ ఏసీ రావట్లేదేమిటోయ్?’ అని అడిగారు.