ఫొటోకి చిక్కని మహాకాయుడు!

చేతిలో కెమెరా ఉంది. ఎదురుగా ఏడడుగుల ఎత్తున, ఒళ్లంతా జుట్టుతో, రెండు కాళ్లమీద నడిచిపోతున్న వింతజీవి ఉంది. ఇంతకంటే అదృష్టం ఏం కావాలి! గబగబా క్లిక్‌మనిపించి, ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకుంటే... చెట్ల మధ్య ఓ నల్లటి మరక. అది తలా, కొమ్మా? చెయ్యా, నీడా? ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవాల్సిందే.

అమెరికా, కెనడా అడవుల్లో తిరుగుతోందని చెప్పుకునే బిగ్‌ఫుట్ ఫొటోలు దాదాపు అన్నీ ఇంతే. కెమెరాలు ఎన్నో మారాయి. రీళ్లు పోయి మెమరీ కార్డులొచ్చాయి. ఇప్పుడు అడవికెళ్లే ప్రతి ఒక్కరి జేబులో ఫోను, ఆ ఫోనులో కెమెరా. బిగ్‌ఫుట్ మాత్రం మన తాతల కాలంలో ఎంత మసగ్గా ఉందో ఇప్పుడూ అంతే మసక. అమెరికన్ హాస్యనటుడు మిచ్ హెడ్‌బర్గ్ దీనిమీద ఓ జోకు వేశాడు. తప్పు ఫొటోలు తీసేవాళ్లది కాదట, బిగ్‌ఫుటే మసగ్గా ఉంటుందట! నవ్వుకోడానికి అన్నదే అయినా ఆ మాటలో సగం నిజం ఉంది.

ఒక్క నిమిషం సినిమా

ఉత్తర కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ అని ఓ వాగు. 1958లో అక్కడి అడవిలో రోడ్డు వేస్తున్నవాళ్లకు 16 అంగుళాల పొడవున్న పాదముద్రలు కనిపించాయి. 'హంబోల్ట్ టైమ్స్' అనే స్థానిక పత్రిక ఆ సంగతి అచ్చేయడంతో 'బిగ్‌ఫుట్' అన్న పేరు దేశమంతా పాకిపోయింది. (అడవిమనిషి కథలు అక్కడి ఆదివాసుల్లో అంతకు చాలా ముందునుంచే ఉన్నాయి. కెనడాలో వాడే 'శాస్క్వాచ్' అన్న పేరు ఆదివాసుల భాషనుంచి వచ్చిందే.) ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో చనిపోయాక, ఆయన కుటుంబసభ్యులు చెక్కతో చేసిన పెద్దపెద్ద పాదాలను తెచ్చి చూపించారు. ఆ ముద్రలు ఆయన సరదాకి వేసినవేనన్నారు. కానీ అప్పటికే కథ ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. కారణం... ఓ సినిమా!

1967 అక్టోబరు 20. రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అనే ఇద్దరు మిత్రులు గుర్రాలెక్కి అదే వాగు వెంట వెళుతున్నారు. దారితప్పి అటు వచ్చినవాళ్లేం కాదు. ప్యాటర్సన్ అంతకు ముందు ఏడాదే ఈ అడవిమనిషి మీద పుస్తకం రాశాడు. సినిమా కూడా తీయాలని కెమెరా అద్దెకు తెచ్చుకున్నాడు. (దాన్ని గడువులోగా తిరిగివ్వలేదని ఆయనమీద అరెస్టు వారంటు పుట్టింది. అది వేరే కథ!) వాగు పక్కన ఏదో కదిలింది. గుర్రం బెదిరింది. ప్యాటర్సన్ ఎలాగో కిందికి దిగి, సంచిలోంచి కెమెరా లాక్కుని, తీస్తూనే దాని వెనక పరిగెత్తాడు. అందుకే ఆ సినిమా మొదట్లో నేలా చెట్లూ ఊగిపోతుంటాయి. కాస్త కుదురుకున్నాక ఓ నల్లటి ఆకారం చేతులూపుకుంటూ నడుస్తూ కనిపిస్తుంది. ఒక్కసారి కుడిభుజం మీదుగా వెనక్కి తిరిగి చూసి, నింపాదిగా చెట్లలోకి వెళ్లిపోతుంది. అంతా కలిపి నిమిషం కూడా లేదు. అది వెనక్కి తిరిగి చూసిన 352వ ఫ్రేమే బిగ్‌ఫుట్ అనగానే లోకానికి గుర్తొచ్చే బొమ్మ.

అది 16 ఎం.ఎం. ఫిల్ము. ఒక్కో ఫ్రేము వెడల్పు సెంటీమీటరు చిల్లర. అందులో ఆ ఆకారం ఎత్తు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! ఇన్నేళ్లుగా పండితులూ పరిశోధకులూ కండల కదలికనీ, మోకాలి వంపునీ, వేషానికి వేసిన కుట్లనీ వెతుకుతున్నది ఆ కాస్త చోటులోనే. పైగా సెకనుకి ఎన్ని ఫ్రేముల చొప్పున తీశారో తేలలేదు. 24 అయితే అది మామూలు మనిషి నడకలాగే ఉందన్నారు. 16 అయితే మనిషి అలా నడవడన్నారు. కెమెరా మీద ఒక మీట ఎక్కడుందో తెలియనందుకు ఇంత గొడవ! ప్యాటర్సన్ 1972లో చనిపోయాడు. తాను చూసింది నిజమేనని గిమ్లిన్ చెబుతూ వచ్చాడు. 2004లో వచ్చిన ఓ పుస్తకంలో బాబ్ హైరోనిమస్ అనే వ్యక్తి ఆ వేషం కట్టింది తానేనన్నాడు. ఆ వేషాన్ని మాత్రం ఎవరూ తెచ్చి చూపించలేదు.

ఏడు చుక్కల మొహం

'అది పాతకాలం. ఇప్పటి ఫోన్లకేం వచ్చింది?' అనిపించడం సహజం. కాస్త లెక్క వేస్తే తెలుస్తుంది.

ఫోన్లలో మామూలు లెన్సు పెళ్లిపందిట్లో పదిమందీ ఒకే ఫొటోలో పట్టేలా తయారైంది. దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాక్కురావడం దాని పని కాదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డంగా 4,000 చుక్కలుంటాయి. వంద మీటర్ల దూరాన ఆ లెన్సు పట్టే వెడల్పు దాదాపు 140 మీటర్లు. అంటే మీటరుకి 30 చుక్కలు కూడా రావు. ఆ దూరంలో ఏడడుగుల జీవి నిలబడితే దానికి తలనుంచి పాదం దాకా దక్కేవి 60 చుక్కలు. మొహానికి ఏడు. ఏడు చుక్కలతో ముగ్గు వేయొచ్చేమోగానీ మొహం గీయలేం కదా! తెర మీద రెండు వేళ్లతో లాగి పెద్దది చేస్తే చుక్కలు లావవుతాయి తప్ప కొత్తగా కన్నూ ముక్కూ పుట్టుకురావు. ఖరీదైన ఫోన్లలో ఐదింతల జూమ్ లెన్సు ఉంటే ఆ 60 కాస్తా 300 అవుతాయి. కానీ గుండె దడదడలాడుతున్నప్పుడు జూమ్ చేస్తే చేతి వణుకు కూడా ఐదింతలవుతుంది.

ఇక వెలుతురు. ఇలాంటివి చూశామనేవాళ్లు చెప్పేవి ఎక్కువగా సందెవేళలూ దట్టమైన చెట్ల నీడలే. వెలుగు తక్కువైతే కెమెరా షట్టర్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉందనుకుందాం. మామూలుగా నడిచిపోయే జీవి ఆ కాస్తలోనే పది సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫొటోలో అదంతా అలుక్కుపోయిన గీతే. దానికితోడు ఆటోఫోకస్ వెళ్లి ముందున్న కొమ్మని పట్టుకుంటుంది. కొమ్మమీది ఆకులు లెక్కపెట్టొచ్చు, వెనకున్నదేమిటో తెలియదు.

సరే, ఇవన్నీ కెమెరా కష్టాలు. జింకలకీ నక్కలకీ కూడా ఇవే కష్టాలు కదా! వాటికి మసకఫొటోలతోపాటు నిక్కచ్చిగా వచ్చిన ఫొటోలు కూడా లక్షల్లో ఉన్నాయి. బిగ్‌ఫుట్‌కి మసకవి మాత్రమే ఎందుకున్నాయి? అసలు మెలిక ఇక్కడే ఉంది.

పేరు దొరికితే పోయినట్టే

బిగ్‌ఫుట్ ఫొటోలు స్పష్టంగా రాకపోలేదు. వచ్చినవి బిగ్‌ఫుట్ ఫొటోలుగా మిగల్లేదు, అంతే.

2007లో పెన్సిల్వేనియాలో ఓ వేటగాడు చెట్టుకి కట్టిన ఆటోమేటిక్ కెమెరాకి రాత్రిపూట ఓ వింతజీవి చిక్కింది. బక్కచిక్కిన ఒళ్లు, పొడవాటి కాళ్లు, నేలమీదికి వంగిన తీరు... పిల్ల బిగ్‌ఫుటేనని పెద్ద హడావుడి. ఆ రాష్ట్ర వన్యప్రాణి అధికారులు చూసి తేల్చేశారు: గజ్జి పట్టి జుట్టంతా రాలిపోయిన ఎలుగుబంటి! ఫొటో బాగుంది కాబట్టే గుర్తుపట్టగలిగారు.

బిగ్‌ఫుట్‌కి వేలు విడిచిన చుట్టంలాంటి మన హిమాలయాల యతిదీ అదే దారి. 1986లో ఆంథోనీ వూల్డ్రిడ్జ్ అనే బ్రిటిష్ యాత్రికుడు ఉత్తర భారతంలోని మంచుకొండల్లో నిలబడి ఉన్న 'యతి'ని ఫొటో తీశాడు. పేరున్న నిపుణులు కూడా కొట్టిపారేయలేకపోయారు. మరుసటి ఏడాది ఆ చోటిని మళ్లీ ఫొటోలు తీసి పోల్చి చూస్తే అది బండరాయి! ఆ మాట వూల్డ్రిడ్జే ఒప్పుకున్నాడు. 2019 ఏప్రిల్లో మన సైన్యం మకాలు బేస్ క్యాంపు దగ్గర కనిపించాయంటూ 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పున్న అడుగుల ఫొటోలు బయటపెట్టినప్పుడు దేశమంతా నోరెళ్లబెట్టింది. ఫొటోలు చక్కగానే ఉన్నాయి. అయితే అవి అడుగులవి, జీవివి కావు. మంచులో పడిన అడుగు కరిగేకొద్దీ పెద్దదవుతుందని కొండల్లో తిరిగేవాళ్లకు తెలిసిందే.

2008లో జార్జియా రాష్ట్రంలో ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. ఏకంగా బిగ్‌ఫుట్ శవమే దొరికిందని, ఫ్రీజర్లో పెట్టామని ఫొటోలు విడుదల చేశారు. మంచు కరిగాక తేలింది రబ్బరు వేషం.

ఎలుగు, బండ, చెట్టుమొద్దు, వేషం కట్టిన మనిషి... ఫొటో స్పష్టంగా ఉంటే ఇలా ఏదో ఒక పేరు దొరుకుతుంది. పేరు దొరికిన మరుక్షణం అది బిగ్‌ఫుట్ ఖాతాలోంచి కొట్టేసినట్టే. ఏ పేరూ పెట్టలేనంత మసగ్గా ఉన్నవే జల్లెడలో మిగులుతాయి. కెమెరాలు ఎంత బాగుపడినా మిగిలే ఫొటోలు బాగుపడకపోవడానికి కారణం అదే. 2009లో కొందరు జీవశాస్త్రజ్ఞులు పశ్చిమ అమెరికాలో బిగ్‌ఫుట్ కనిపించిందన్న చోట్లనీ నల్ల ఎలుగుబంట్లు ఉండే చోట్లనీ మ్యాపుల మీద పోల్చి చూశారు. రెండూ చాలావరకు ఒకదానిమీద ఒకటి సరిపోయాయి!

ఒంటరి వుల్వరిన్, మన కలివికోడి

'అడవి పెద్దది, జీవి తెలివైంది, అందుకే దొరకదు' అంటారు నమ్మేవాళ్లు. అడవి పెద్దదన్నది నిజమే. కానీ ఇప్పుడు అడవుల్లో కెమెరాలు పట్టుకున్న మనుషులకంటే మనుషుల్లేని కెమెరాలు ఎక్కువ పని చేస్తున్నాయి. వాటికి గుండెదడ లేదు, చేతివణుకు లేదు. ముందునుంచి వేడి ఒళ్లు ఏది నడిచినా క్లిక్‌మంటాయి.

2008 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని టాహో అడవిలో ఓ పరిశోధక విద్యార్థిని మార్టెన్ అనే చిన్న జంతువుల కోసం కెమెరాలు పెట్టింది. అందులో వుల్వరిన్ పడింది. 1920ల తర్వాత ఆ రాష్ట్రంలో దాని జాడ రుజువు కావడం అదే మొదటిసారి. జుట్టు పరీక్షిస్తే ఎక్కడో రాకీ పర్వతాల వైపునుంచి వచ్చిన రకమని తెలిసింది. ఇంత పెద్ద రాష్ట్రంలో దారితప్పి వచ్చిన ఒకే ఒక్క జంతువు, అదీ ఎవరూ వెతకని జంతువు... కెమెరాకి చిక్కింది!

అంతదూరం ఎందుకు, కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడినే చూడండి. పావురమంత కూడా లేని పిట్ట. పగలు పొదల్లో దాక్కుని రాత్రిళ్లు తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో మళ్లీ దొరికింది. ఆ తర్వాత శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పాదముద్రలు చూసుకుంటూ, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి దాని జాడ పట్టే పద్ధతి రూపొందించారు. దానిమీద పరిశోధనపత్రం 2002లో వచ్చింది. పిట్టకి ఇంత జాడ దొరికితే ఏడడుగుల జీవికి ఎంత దొరకాలి! 2018-19 పులుల లెక్కల్లో మన దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడున్నర కోట్ల దాకా ఫొటోలొచ్చాయి. వాటిలో 76,651 పులులవి.

నమ్మేవాళ్ల దగ్గర ఓ గట్టి వాదన లేకపోలేదు. అదే సావోలా. వియత్నాం, లావోస్ కొండల్లో ఉండే ఈ కొమ్ముల జంతువు సంగతి 1992 దాకా శాస్త్రలోకానికి తెలియనే తెలియదు. తెలిశాక కూడా అడవిలో కెమెరాలకు చిక్కింది వేళ్లమీద లెక్కపెట్టేన్నిసార్లే. చివరిసారి 2013లో. అంత పెద్ద జంతువు అన్నేళ్లు దాక్కోగలిగింది కదా అంటారు. నిజమే. అయితే సావోలాని కనిపెట్టింది ఫొటోతో కాదు. పల్లెల్లో వేటగాళ్ల ఇళ్లలో వేలాడుతున్న కొమ్ములతో! బిగ్‌ఫుట్ నుంచి ఇంతవరకు ఒక్క ఎముకా రాలేదు, ఒక్క పన్నూ ఊడిపడలేదు.

ఇదంతా కాలక్షేపం కబుర్లని తీసిపారేయడానికీ లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్కమేనియా అనే కౌంటీ 1969లో బిగ్‌ఫుట్‌ని చంపితే పదివేల డాలర్ల జరిమానా, ఐదేళ్ల జైలు అని చట్టం చేసింది. అడవిలో కనిపించే జుట్టున్న ప్రతి ఆకారం మీదా తుపాకులు పేలితే పోయేది మనుషుల ప్రాణాలేనన్నది అక్కడి పెద్దల భయం. ప్రాణాలు పోనే పోయాయి, తుపాకులతో కాదు. 2024 క్రిస్మస్ సమయంలో బిగ్‌ఫుట్‌ని వెతకడానికి అక్కడి గిఫర్డ్ పించో అడవిలోకి వెళ్లిన ఇద్దరు తిరిగి రాలేదు. ఒకరికి 59 ఏళ్లు, మరొకరికి 37. అరవైమందికి పైగా మూడురోజులు గాలిస్తే శవాలు దొరికాయి. ఆ చలికీ వానకీ తగ్గ సన్నాహం లేకపోవడమే కారణమని షెరిఫ్ కార్యాలయం తేల్చింది.

ఆ తర్వాత కొన్ని నెలలకే, 2025లో, స్పష్టమైన బిగ్‌ఫుట్ రానే వచ్చింది. జుట్టు వెంట్రుకతో సహా లెక్కపెట్టొచ్చు. సెల్ఫీ కర్ర తానే పట్టుకుని కబుర్లు చెబుతుంది కూడా. కృత్రిమమేధతో తయారైన ఆ వీడియోలను లక్షలమంది చూసి నవ్వుకున్నారు. ఇకమీదట ఎవరైనా అడవిలోంచి నిజంగానే చక్కటి ఫొటో తెచ్చినా ముందుగా ఎదురయ్యే ప్రశ్న 'ఏ యాప్‌తో చేశావు?' అనే. కాబట్టి ఫొటోల సంగతి పక్కనపెట్టి జుట్టూ ఎముకా తెమ్మంటున్నాయి ప్రయోగశాలలు. హిమాలయాల నుంచి యతివని చెప్పి దాచిన తొమ్మిది నమూనాలకు 2017లో డీఎన్ఏ పరీక్ష చేశారు. ఎనిమిది ఎలుగుబంట్లవి. తొమ్మిదోది కుక్కది.