బోరింగు అడుగున బిగుసుకున్న వాల్వు

బోరింగు ఆగిపోతే ముందు అనుమానం భూగర్భజలం మీదికి పోతుంది. పెద్దదోర్నాల, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో అది సహజమే. ఎండాకాలం నీటిమట్టం ఎంత లోతుకు దిగుతుందో ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే అడుగున నీరుండి కూడా, అరచేతిలో ఇమిడే ఒక్క వాల్వు వల్ల బోరింగు మూలపడుతుంది. అప్పుడు ఆ వాల్వును పైకి తీయడం ఎంత కష్టమన్నదాన్ని బట్టే ఊరు ఎన్నాళ్లు నీళ్లకోసం ఎదురుచూడాలో తేలుతుంది. వాల్వు బిగుతుగా కూర్చోవడం ఎంత అవసరమో, తేలిగ్గా ఊడిరావడమూ అంతే అవసరం. ఈ రెండోదాన్ని మనం పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఇండియా మార్క్-2 పంపు 1970ల్లో యూనిసెఫ్ సహకారంతో రూపుదిద్దుకుంది. గట్టి పంపు, అందులో సందేహం లేదు. నేల లోపల ఇనుప పైపుల చివర సిలిండరు ఉంటుంది. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టనుకు ఒక వాల్వు, సిలిండరు అడుగున ఫుట్ వాల్వు. పైకెక్కిన నీరు తిరిగి జారిపోకుండా ఆపేది ఈ ఫుట్ వాల్వే. దాని సీటు అరిగినా, ఇసుక రేణువు ఇరుక్కున్నా పైపు ఖాళీ అవుతుంది, ఎంత కొట్టినా నీరు రాదు. చిక్కంతా మార్క్-2 పైపు సిలిండరు కంటే సన్నం కావడంలో ఉంది. పిస్టను గానీ ఫుట్ వాల్వు గానీ ఆ పైపులోంచి పైకి రాలేదు. చిన్న వాషరు మార్చాలన్నా మొత్తం పైపుల వరస లాగాల్సిందే. 30 మీటర్ల లోతుకు మూడేసి మీటర్ల పైపులు పది. రాడ్లతో కలిపితే బరువు వంద కిలోలు దాటుతుంది. దానికి క్లాంపులు, పెద్ద పానాలు, కలిసి లాగే మనుషులు, వాళ్లను తీసుకొచ్చే బండి కావాలి. మండల కేంద్రానికి దగ్గరున్న ఊరికి ఇది ఇబ్బంది. నల్లమల లోపలి చెంచుగూడేనికి ఇది రోజుల తరబడి నిరీక్షణ.

1980ల్లో కోయంబత్తూరు ప్రాంతంలో ప్రపంచబ్యాంకు, యుఎన్‌డీపీ ఆధ్వర్యంలో పంపులను ఏళ్ల తరబడి వాడకంలోనే పెట్టి పరీక్షించారు. తోలు వాషర్ల కంటే నైట్రైల్ రబ్బరు వాషర్లు చాలా ఎక్కువకాలం మన్నాయి. ఆ అనుభవం నుంచే మార్క్-3 వచ్చింది. ఇందులో 65 మిల్లీమీటర్ల వెడల్పు పైపు వాడతారు కాబట్టి పిస్టను, ఫుట్ వాల్వు రెండూ పైపులోంచే బయటికొస్తాయి. రాడ్లను కిందికి దించి తిప్పితే పిస్టను అడుగుభాగం ఫుట్ వాల్వు మరలోకి ఎక్కుతుంది, ఆపైన లాగడమే. పైపులు కదలవు. వాల్వు ఒక ఏటవాలు సీటులో రబ్బరు రింగుతో కూర్చుంటుంది, దాన్ని కొట్టి దించాల్సిన పనిలేదు. నీటిమట్టం మీద 30 మీటర్ల నీరు నిలిస్తే చదరపు సెంటీమీటరుకు 3 కిలోల ఒత్తిడి. సుమారు 63 మిల్లీమీటర్ల సిలిండరులో అది వాల్వు మీద దాదాపు 95 కిలోల బరువు. అదే దాన్ని సీటుకు అదిమి పడుతుంది. సీటు నుంచి ఒక్కసారి కదిలితే నీరు బోరులోకి జారిపోయి ఆ బరువూ పోతుంది.

తేలిగ్గా ఊడేది తేలిగ్గా కారుతుందనే అనుమానం కొందరికి ఉంది. దానికి సమాధానం పెయింట్‌బాల్ తుపాకీలో దొరుకుతుంది. ఇప్పుడది ఆటవస్తువు గానీ, అమెరికాలో చెట్లకూ పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి పుట్టిన పనిముట్టు. కార్బన్ డయాక్సైడుతో నడిచేవాటిలో, 20 డిగ్రీల వేడిమి దగ్గర, సీసాలోని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 58 కిలోలు. మన బోరింగులో ఉన్నదానికి దాదాపు 19 రెట్లు. అంతటి ఒత్తిడినీ ఆపేది గాడిలో కొద్దిగా నొక్కుకుని కూర్చున్న రబ్బరు రింగే. అక్కడా వాల్వు పట్టేస్తుంది, ఎందుకంటే కొన్ని రకాల రబ్బరు ఆ వాయువును పీల్చుకుని ఉబ్బుతుంది. తెలిసినవాళ్లు ముందు వాయువంతా వదిలేసి, రింగు మళ్లీ సన్నబడేదాకా ఆగి, సరిపడా మందం ఉన్న కర్రముక్కతో అవతలి వైపు నుంచి నెడతారు. స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే గొట్టం లోపల గీత పడుతుంది, ఆ గీత వెంటే వాయువు కారుతుంది. బోరింగుకూ ఇదే వర్తిస్తుంది. సీటు మీది తుప్పూ సున్నపు పొరా తుడవాలి, రింగు తడిపి దించాలి. తాగేనీటిలో మోటారు బండి గ్రీజు పూయకూడదు. బిగువు రింగూ ఒత్తిడీ ఇచ్చేదే, సుత్తిదెబ్బ ఇచ్చేది కాదు.

మార్క్-3 మీద గట్టి అభ్యంతరం ఖరీదు, బరువు. వెడల్పు పైపు బరువు ఇంచుమించు రెట్టింపు. పైగా లోతు 30 మీటర్లు మించితే అది అంత అనువు కాదు. నీరు అంతకంటే లోతుకు పోయిన ఊళ్లలో మార్క్-2 ఉండాల్సిందే, ఈ మాట ఒప్పుకోవాలి. కుళాయిలు వస్తున్నప్పుడు, పైగా బోరునీటిలో ఫ్లోరైడు ఉన్న ప్రాంతంలో, చేతిపంపు గొడవ ఎందుకని ఇంకొందరు అడుగుతారు. ఫ్లోరైడు ఎక్కువున్న నీటిని తాగకూడదు, వంటకూ వాడకూడదు. అయినా బట్టలకు, స్నానానికి నీళ్లు కావాలి కదా! కరెంటు పోయిన రోజున, ట్యాంకరు రాని రోజున ఆ భారం బోరింగు మీదే పడుతుంది, దూరం నుంచి బిందెలు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే పాత పంపును మార్చే సమయం వచ్చినప్పుడు పంచాయతీలు ముందుగా వేసవి నీటిమట్టం కొలిపించాలి. లోతు సరిపోతే నీటితొట్టి, పైపులు, సిలిండరు మూడూ మార్చి మార్క్-3 పెట్టించాలి. దానితోపాటు ఊళ్లోనే ఇద్దరికి, వారిలో ఒక మహిళకైనా, వాల్వు తీసి బిగించే పని నేర్పించి, రింగులూ వాషర్లూ పంచాయతీ కార్యాలయంలోనే నిల్వ ఉంచాలి.