పాడైంది డిస్కు కాదు, కుదించింది ఒక్క ఫైలు

నిన్నటిదాకా పనిచేసిన కంప్యూటర్ ఇవాళ ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఒక్క వాక్యం చూపించి ఆగిపోతుంది: 'బూట్‌ఎంజీఆర్ ఈజ్ కంప్రెస్డ్'. కింద కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కమన్న సూచన ఉంటుంది. నొక్కితే మళ్లీ అదే వాక్యం. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇదే మాట 'ఎన్‌టీఎల్‌డీఆర్' పేరుతో వచ్చేది. విస్టా, విండోస్ 7 వచ్చాక పేరు మారింది, తీరు మారలేదు. చూసినవాళ్లు హార్డ్ డిస్క్ పోయిందనో, పార్టిషన్ చెడిపోయిందనో కంగారుపడటం సహజం. ఆ కంగారులోనే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయడానికి ఒప్పుకుంటారు. ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలు, లెక్కలు, ఫొటోలు అక్కడితో పోతాయి. పోవలసిన అవసరం మాత్రం లేదు. ఈ వాక్యం తెర మీదకు రాగలిగిందంటే పార్టిషన్ బాగానే ఉందన్నమాట.

అదెలాగో తెలియాలంటే స్విచ్ నొక్కిన తొలి క్షణాల్లో ఏం జరుగుతుందో చూడాలి. పాత పద్ధతి యంత్రాల్లో బయోస్ ముందుగా డిస్కులోని మొట్టమొదటి సెక్టారు చదువుతుంది. అది 512 బైట్లు. అందులో 446 బైట్లు ఒక చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు పోతాయి. ఆ ప్రోగ్రాము పట్టిక చూసి, యాక్టివ్‌గా గుర్తించిన పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుని, అక్కడి తొలి సెక్టారుకు పని అప్పజెబుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పార్టిషన్ మొదట్లో ఈ పనికోసం 16 సెక్టార్లు, అంటే 8 కేబీ స్థలం, విడిగా ఉంటుంది. అక్కడి కోడ్ ఫైళ్ల పట్టికను వెతికి పట్టుకుని, రూట్ ఫోల్డర్ జాబితా చదివి, బూట్‌ఎంజీఆర్ అనే ఫైలు రికార్డు తెరుస్తుంది. ఆ రికార్డులో 'కుదించినది' అన్న గుర్తు కనిపిస్తే ముందుకు వెళ్లలేక ఆగిపోతుంది. కుదించిన దాన్ని విప్పే కోడ్‌కు ఆ 8 కేబీలో చోటివ్వలేదు. ఆ పని చేయగలిగిన కోడ్ తర్వాతి మజిలీలో ఉంది, ఆ మజిలీకి దారి బూట్‌ఎంజీఆర్ గుండానే. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు అయింది.

అదే 8 కేబీలో మరో రెండు హెచ్చరికలు కూడా రాసి ఉంటాయి. డిస్కు చదవడంలో పొరపాటు జరిగిందన్నది ఒకటి, బూట్‌ఎంజీఆర్ కనిపించడం లేదన్నది మరొకటి. మొదటిది వస్తే డిస్కునో కేబుల్‌నో అనుమానించడానికి కారణం ఉంది. రెండోది వస్తే ఫైలు పోయి ఉండవచ్చు, వేరే పార్టిషన్ యాక్టివ్‌గా మారి ఉండవచ్చు. కుదింపు గురించిన మూడో వాక్యం రావాలంటే మాత్రం ముందున్న మెట్లన్నీ దాటాలి. తొలి సెక్టారు చదవాలి, పార్టిషన్ పట్టిక సరిగ్గా ఉండాలి, ఫైళ్ల పట్టిక దొరకాలి, రూట్ జాబితా అర్థం కావాలి, ఫైలు రికార్డు తెరుచుకోవాలి. ఇన్ని పరీక్షలు నెగ్గిన పార్టిషన్‌ను చెరిపేయడం మందు కాదు.

కొద్ది సెక్టార్లు చదవగలిగినంత మాత్రాన డిస్కంతా బాగున్నట్టేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మిగతా భాగంలో చెడ్డ సెక్టార్లు లేవని ఈ వాక్యం చెప్పదు, పార్టిషన్ నిర్మాణం నిలిచి ఉందని మాత్రమే చెబుతుంది. ఆ అనుమానం ఉన్నవాళ్లు కూడా చేయవలసింది ఫార్మాట్ కాదు. డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే చెడిపోని ఫైళ్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి, ఎందుకంటే అక్కడి విండోస్‌కు కుదించిన వాటిని విప్పడం వచ్చు. ముఖ్యమైనవన్నీ ముందు కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చూడాలి. చెక్‌డిస్క్ లాంటి, డిస్కు మీద రాసే పరికరాల వంతు ఆఖరిది. నిజంగా జబ్బు పడిన డిస్కు మీద దాన్ని ముందే నడిపితే ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది.

ఫార్మాట్ వైపు వాదించేవాళ్ల మాటలోనూ కొంత బలముంది. గంటలో పని తెములుతుంది, యంత్రం శుభ్రంగా తయారవుతుంది, పోయిన ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తర్వాత తెచ్చుకోవచ్చు అంటారు. ఈ చివరి మాట కుదించిన డిస్కుల విషయంలో దాదాపు చెల్లదు. ఫైళ్ల పట్టిక చెరిగిపోయాక రికవరీ సాఫ్ట్‌వేర్ చాలావరకు ప్రతి రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తు బైట్లను వెతుక్కుంటూ పోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ కుదింపు ఫైలును 16 క్లస్టర్ల ముక్కలుగా, మామూలుగా 64 కేబీ చొప్పున, విడగొట్టి దేనికది కుదిస్తుంది. అలా కుదిసిన ముక్కలో గుర్తు బైట్లు ఉండవలసిన చోట ఉండవు. ఏ ముక్క ఎక్కడుందో, ఎంత చోటు తీసుకుందో చెప్పేది ఫైళ్ల పట్టిక ఒక్కటే. మామూలు డిస్కు కన్నా కుదించిన డిస్కులోనే ఫార్మాట్ వల్ల నష్టం ఎక్కువ. జేపీజీ ఫొటోలు అప్పటికే కుదించినవి కనుక వాటిలో కొన్ని దక్కవచ్చు. అక్షరాలతో నిండిన డాక్యుమెంట్ల మీదే అసలు దెబ్బ.

అసలు కుదింపే ప్రమాదం, దాని జోలికే పోకూడదు అనేవాళ్లూ ఉన్నారు. ఆ భయం వెనుక నిజమైన చరిత్ర ఉంది. 1993లో ఎంఎస్‌డాస్ 6.0తో వచ్చిన డబుల్‌స్పేస్, డ్రైవులో ఉన్నదంతా ఒకే పెద్ద దాపు ఫైలులోకి కుదించేది. ఆ ఒక్క ఫైలు దెబ్బతింటే డ్రైవు మొత్తానికి ముప్పు. డేటా పోయిందన్న ఫిర్యాదులు వచ్చాక, అదే ఏడాది 6.2లో స్కాన్‌డిస్క్‌ను, అదనపు రక్షణను చేర్చారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ కుదింపు విండోస్ ఎన్‌టీ 3.51తో 1995లో వచ్చింది. ఇది ఫైలుకు ఫైలు, ముక్కకు ముక్క విడివిడిగా కుదిస్తుంది కాబట్టి ఒకచోట దెబ్బ తగిలినా అది సాధారణంగా ఆ ముక్కతోనే ఆగుతుంది. బూట్‌ఎంజీఆర్ ఉదంతంలో డేటా చెడిపోవడమంటూ జరగనే లేదు. రాసినవాడికి తెలిసిన పద్ధతి మొదట చదివేవాడికి తెలియకపోవడమే ఇక్కడి చిక్కు.

చోటు చాలక ఎవరో సీ డ్రైవు ప్రాపర్టీస్ తెరిచి, స్థలం ఆదా కోసం డ్రైవును కుదించమనే గడిలో టిక్ పెట్టి, లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తింపజేయడంతో ఈ చిక్కు మొదలవుతుంది. అయితే అదే టిక్ పక్క కంప్యూటర్‌లో ఏ హానీ చేయకపోవచ్చు. ఖాళీ డిస్కు మీద విండోస్ 7 వేస్తే అది 100 ఎంబీల చిన్న పార్టిషన్‌ను విడిగా సృష్టించి, బూట్‌ఎంజీఆర్‌ను అందులో పెడుతుంది. ఆ పార్టిషన్‌కు డ్రైవు అక్షరం ఉండదు కనుక టిక్ దాన్ని తాకదు. ముందే చేసి ఉంచిన పార్టిషన్ల మీద వేసినప్పుడు ఆ ఫైలు సీ డ్రైవు రూట్‌లోనే ఉండిపోవచ్చు. ప్రమాదమంతా అలాంటి యంత్రాలకే.

మరమ్మతుకు విండోస్ ఇన్‌స్టాలేషన్ డిస్కుతో బూట్ చేసి రిపేర్ భాగంలోకి వెళ్లాలి. స్టార్టప్ రిపేర్‌తో పని కాకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరవాలి. అక్కడ సీ డ్రైవు వేరే అక్షరంతో కనిపించవచ్చు కాబట్టి ఏది ఏదో ముందు చూసుకోవాలి. చాలామంది ఇన్‌స్టాలేషన్ డిస్కులోని బూట్‌ఎంజీఆర్‌ను తెచ్చి పాతదాని స్థానంలో కాపీ చేస్తారు, అయినా అదే వాక్యం మళ్లీ వచ్చిందని నిరాశపడతారు. కారణం ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కాపీ చేసిన ఫైలు, చేరిన ఫోల్డర్ గుణాన్ని అందుకుంటుంది. సీ డ్రైవు రూట్‌కే కుదింపు గుర్తు ఉంది కాబట్టి కొత్త ఫైలు కూడా అడుగుపెట్టగానే కుదిసిపోతుంది. అందుకని విండోస్‌తో వచ్చే కాంపాక్ట్ అనే ఆదేశంతో రూట్ మీది గుర్తు తీసేసి, ఆ ఒక్క ఫైలును విప్పాలి. మరో కంప్యూటర్‌కు తగిలించిన డిస్కు అయితే ప్రాపర్టీస్‌లోనే ఈ పని చేయవచ్చు. డ్రైవు మొత్తాన్ని విప్పబోవడం తొందరపాటు. విప్పినకొద్దీ చోటు కావాలి, అది సగంలో అయిపోవచ్చు. బూట్‌ఎంజీఆర్ అయితే 400 కేబీ లోపలి ఫైలు.

ఇదంతా పాత యంత్రాల గోల, ఇప్పుడెందుకన్న ప్రశ్న ఒకటి మిగిలింది. విండోస్ 11కు, బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ తప్పనిసరి. అందులో బూట్ ఫైళ్లు ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటాయి, ఫ్యాట్32కు ఈ కుదింపే లేదు. కానీ విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగినా ఆ యంత్రాలన్నీ ఆగిపోలేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లలో చేసిన తెలుగు పుస్తకాల ఫైళ్లను తెరవడానికి పాత విండోస్‌ను అట్టిపెట్టుకున్న డీటీపీ కేంద్రాలున్నాయి. అక్కడ ఒక్క ఫార్మాట్ అంటే మరో కాపీ లేని పుస్తకాలు పోవడం. లినక్స్ వాడేవాళ్లకూ ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్లలో జెడ్‌స్టాండర్డ్ కుదింపు 2017లో కెర్నెల్ 4.14తో వచ్చింది. బూట్ చేయించే గ్రబ్‌కు దాన్ని చదవడం 2019లో 2.04తో గానీ రాలేదు. ఆ మధ్యకాలంలో కెర్నెల్ ఉండే ఫోల్డర్‌ను ఆ పద్ధతిలో కుదించినవాళ్ల డేటా చెక్కుచెదరలేదు, యంత్రం మాత్రం లేవలేదు. వాళ్లకు పనికొచ్చిన దారి కూడా వేరే డిస్కుతో బూట్ చేసి, ఆ కొద్ది ఫైళ్లను కుదింపు లేకుండా తిరిగి రాయడం, లేదా బూట్ ఫోల్డర్‌ను విడి పార్టిషన్‌లోకి మార్చడం.