అది ఆట కాదు... నొప్పి!

పెళ్లి ఊరేగింపులో గుర్రం తల ఎగరేస్తే చప్పట్లు, ముందుకాళ్లు లేపితే ఈలలు. చూసేవాళ్లకు అది హుషారు. గుర్రానికి మాత్రం అది బాధ కావచ్చు. నోరులేని ఆ జీవి ముఖాన్ని చదవడం నేర్చుకుంటే దాని కష్టం తీరుతుంది, మీద కూర్చున్నవాళ్లకూ ప్రమాదం తప్పుతుంది.

వైశాఖ మాసం. గోదావరిఖనిలో పెళ్లిళ్ల సందడి. పొద్దంతా కాగిన తారురోడ్డు రాత్రి ఎనిమిదైనా సెగలు కక్కుతూనే ఉంటుంది. ముందు బ్యాండు, వెనక డీజే, మధ్యలో బాణసంచా. అద్దాల జీను వేసిన తెల్లగుర్రం మీద పెళ్లికొడుకు. అతని ఒళ్లో తోడుపెళ్లికొడుకుగా ఓ బుడతడు. దరువు పెరిగేకొద్దీ గుర్రం తల పైకీ కిందికీ విసురుతుంది. నోరు తెరుస్తుంది. ఉన్నచోటే కాళ్లు ఎత్తెత్తి వేస్తుంది. 'గుర్రం డాన్స్ చేస్తోందిరోయ్' అని కుర్రాళ్లు కేకలు పెడతారు.

ఆ క్షణంలో దాని ముఖంలోకి చూసేవాళ్లు తక్కువ. చూస్తే తెలుస్తుంది... వెనక్కి బిగిసిన చెవులు, తెల్లగుడ్డు కనిపించే కళ్లు, నురగ కక్కే నోరు. అది సంబరపడే ముఖం కాదు.

దాచుకోవడమే దాని గుణం

కుక్కకు దెబ్బ తగిలితే కుయ్యోమంటుంది. గుర్రం అలా అరవదు. అడవిలో పులికీ తోడేలుకూ ఆహారమైన జాతి అది. కుంటుతూ, మూలుగుతూ కనిపిస్తే ముందు తననే పట్టుకుంటాయి. అందుకే నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. మనుషులు దాన్ని ఓర్పు అనుకుంటారు. ఓర్పు నశించి మొరాయిస్తే 'పొగరు' అంటారు.

ఇది పొగరా, నొప్పా అన్నది తేల్చడానికి శాస్త్రవేత్తలు చాలా శ్రమపడ్డారు. ఇటలీ పరిశోధకుల ఆధ్వర్యంలో 2014లో వెలువడిన అధ్యయనం కోసం, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా గుర్రాల ముఖాలను చిత్రీకరించి పోల్చి చూశారు. నొప్పిని పట్టించే ఆరు గుర్తులు తేలాయి. చెవులు వెనక్కి బిగుసుకోవడం, కన్ను సగం మూతపడటం, కంటిపైన ఎముక పొడుచుకొచ్చినట్టు కనిపించడం, దవడ కండరాలు గట్టిపడటం, పెదవులు బిగిసి గడ్డం ముందుకు రావడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం.

స్వారీ చేస్తున్నప్పటి సంగతిని బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం తేల్చింది. 2018లో వాళ్లు 24 చేష్టలతో ఓ జాబితా ప్రకటించారు. పదేపదే తల విసరడం, నోరు తెరిచే ఉంచడం, నాలుక బయటపెట్టడం, తోక కొట్టుకోవడం, తడబడటం, ముందుకు నడవనని మొండికేయడం, ముందుకాళ్లు పైకి లేపడం వంటివన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఎనిమిదో, అంతకు మించో కనిపిస్తే ఒంట్లో ఎక్కడో కండరాలదో కీళ్లదో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. కుంటుతున్న గుర్రాలకు నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వగానే ఆ చేష్టలు బాగా తగ్గాయి. అంటే అవి పొగరు వల్ల వచ్చినవి కావన్నమాట.

ఊరేగింపులో మరో చిక్కుంది. డీజే మోతకూ టపాసులకూ గుర్రం బెదిరినా ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తుంది. భయమైనా, నొప్పి అయినా చేయాల్సింది ఒకటే. ఆపాలి, దించాలి, పక్కకు తీసుకెళ్లాలి. బెదిరిన గుర్రం పరుగందుకుంటే ముందు దెబ్బతినేది పైనున్న పిల్లాడూ, చుట్టూ ఉన్న జనమూ.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

మొదటిది నోరు. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లులేని ఖాళీలో కళ్లెం ముక్క ఉంటుంది. అక్కడ ఎముక మీద పలుచని చర్మమే. పగ్గం గుంజిన ప్రతిసారీ ఆ బరువంతా నాలుక మీదా, చిగురు మీదా పడుతుంది. కొందరు 'డాన్స్' కోసం ముళ్ల కళ్లెం వాడతారు. చట్టం దాన్ని ఒప్పుకోదు. 1965 నాటి కేంద్ర నిబంధనలు స్వారీకైనా, బండికైనా ముళ్లున్న కళ్లేలను నిషేధించాయి.

రెండోది వీపు. జీను మూపు మీద ఒరుసుకుంటే పుండు పడుతుంది. అక్కడ మచ్చలుగా తెల్లవెంట్రుకలు మొలిస్తే పాత గాయాల గుర్తే. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది చాలామంది నిపుణుల లెక్క. 300 కిలోల గుర్రమైతే 60 కిలోలు. పెళ్లికొడుకు, పిల్లాడు, అలంకారాల జీను... లెక్క ఎక్కడ తప్పుతోందో వేరే చెప్పాలా?

మూడోది కాళ్లు. గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి, లాడాలు సరిచూడాలి. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు తాకిన ప్రతిసారీ తల పైకెత్తుతుంది. గట్టి రోడ్డు మీద ఇది బాగా తెలుస్తుంది.

నాలుగోది కడుపు. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే కడుపునొప్పి దాని ప్రాణం మీదికి తెస్తుంది. డొక్కవైపు తిరిగి చూడటం, కాలితో నేల తవ్వడం, పదేపదే పొర్లడం, మేత ముట్టకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుణ్ని పిలవాలి.

ఎండ మాటేమిటి?

రామగుండంలో వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు బండి లాగే, బరువు మోసే పశువులతో పని చేయించకూడదని 1965 నిబంధనలే చెబుతున్నాయి. రోజుకు తొమ్మిది గంటలు మించకూడదు, అయిదు గంటలకు మించి ఏకబిగిన వాడకూడదు. గుర్రం రోజుకు పాతిక లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువే. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. ఊరేగింపు ఆగి చాలాసేపైనా డొక్కలు ఎగసిపడుతుంటే అది అలసిపోయిందనే అర్థం.

యజమానిని ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. 'గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు' అన్న సామెత అతనికి రోజూ అనుభవమే. ముహూర్తాలున్న నాలుగు రోజులే అతని సంపాదన. నొప్పి ఉందని ఇంట్లో కట్టేస్తే ఆ పూట కూలి పోతుంది, మేత ఖర్చు మాత్రం ఆగదు. అందుకే ఈ బాధ్యతలో అద్దెకు పిలిచే కుటుంబానికీ వాటా ఉంది. బేరం కుదిరే ముందే గుర్రాన్ని ఓసారి నడిపించి చూడాలి. జీను తీయించి వీపు చూడాలి. నోటి మూలల్లో పుండ్లున్నాయేమో చూడాలి. దారిలో నీళ్లు పెట్టాలి. దగ్గర్లో టపాసులు వద్దనాలి. అరగంట ఊరేగింపు చాలనుకోవాలి. 'డాన్స్ చేయించు' అని మాత్రం అడగకూడదు.

బొగ్గుబాయికీ గుర్రానికీ పాత చుట్టరికమే. 1913లో బ్రిటన్ బొగ్గు గనుల్లో దాదాపు 70 వేల గుర్రాలు పనిచేశాయి. గుర్రం ఉన్నట్టుండి ఆగిపోతే అక్కడి కార్మికులు కొరడా తీయడానికి జంకేవారట. కప్పు కూలబోతోందని దానికి ముందే తెలుస్తుందన్నది వాళ్ల నమ్మకం.

సింగరేణి కార్మికుడికీ ఈ మాట కొత్తగా అనిపించదు. బాయిలోకి దిగినవాడు కప్పును కర్రతో తట్టి చెవి ఒగ్గుతాడు. శబ్దంలో చిన్న తేడా వినిపించినా అడుగు వెనక్కి వేస్తాడు. బండ మాట వినగలిగిన ఊరికి గుర్రం ముఖం చదవడం ఓ లెక్కా? ఈసారి పెళ్లిగుర్రం తల విసిరినప్పుడు ఈల వేసే ముందు దాని చెవులవైపు ఒక్క చూపు చూస్తే చాలు.