డీమార్క్

ఈమెయిల్‌తో వ్యాపారం పెంచుకోవాలనుకునే వారికి ఈ మధ్య తరచూ ఎదురవుతున్న మాట డీమార్క్. మన డొమైన్ పేరుతో వెళ్లిన మెయిల్ నిజంగా మనం పంపిందేనా అని తేల్చే పద్ధతి ఇది.

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒక చిన్న దుకాణం సంక్రాంతి ధరలను సొంత డొమైన్ చిరునామా నుంచి పంపిందనుకుందాం. అందుకున్న సర్వర్ రెండు విషయాలు చూస్తుంది. పంపిన సర్వర్‌కు ఆ డొమైన్ అనుమతి ఉందా? ఇది ఎస్‌పీఎఫ్. డిజిటల్ సంతకం సరిపోయిందా? ఇది డీకిమ్. వీటిలో ఒక్కటి నెగ్గి, పంపినవారి చోట కనిపించే డొమైన్‌తో కలిసినా చాలు.

రెండూ తప్పితే ఏం చేయాలో దుకాణందారే డొమైన్ వివరాలు ఉండే డీఎన్ఎస్‌లో ఒక్క వరుసలో రాసిపెట్టాలి. 'నన్' అంటే గమనించి వదిలెయ్యి; 'క్వారంటైన్' అంటే స్పామ్‌లో వెయ్యి; 'రిజెక్ట్' అంటే గుమ్మంలోనే తిప్పి పంపు. కొత్తవారు నన్‌తో మొదలుపెట్టి, అందుకున్న సర్వర్ల నుంచి వచ్చే నివేదికలు చదువుకుంటూ మెల్లగా బిగించడం మేలు.

జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు, అంతకు మించి పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ డీమార్క్‌ను తప్పనిసరి చేసింది. అంతకంటే తక్కువ పంపే చిన్న దుకాణానికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాల్సిందే.

డీమార్క్ ఉన్నంత మాత్రాన ఇన్‌బాక్స్‌లో చోటు ఖాయం కాదు. అడగనివారికి పంపితే స్పామ్ ఫిర్యాదులు వస్తాయి, అవి 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ నిబంధన.